నడుము అన్న మాట

మార్చి 3, మంగళవారం

ప్రభువునందు ప్రియమైన చెల్లెలికి, నీ పక్కన మంచం మీదున్న నా మేనకోడలు పొట్టికి, అన్నయ్య దీవించి రాయునది.

నువ్వు ఫోను ఎత్తడం లేదు. వార్డులో ఎత్తనివ్వరేమో. కోపం వల్ల కాదనే అనుకుంటున్నాను. ఆదివారం మీ ఇద్దరినీ అంబులెన్సు ఎక్కించి తలుపు వేసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పెద్ద ఆసుపత్రికి పంపేది జాగ్రత్త కోసమేనని, దాని పేగు కుట్టిన ఇక్కడి సర్జను అన్నాడు. ఆ మాట పట్టుకునే వేలాడుతున్నాను.

జరిగింది జరిగినట్టు మళ్లీ రాస్తాను. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేను చెప్పింది నువ్వు సగమే విన్నావు. గురువారం ఉదయం పదకొండింటికి మన మందిర సహవాసపు వ్యానులో ఆరుగురం ప్రార్థన కూటానికి బయలుదేరాం. నడిపింది నేను. ముందు పోతున్న ట్రాక్టరు చెయ్యి చూపకుండా, లైటు వెయ్యకుండా ఆగిపోయింది. నేను బ్రేకు తొక్కాను. చెల్లీ, తొక్కాను. అయినా బండి ట్రాక్టరు వెనక గుద్దుకునే ఆగింది. తర్వాత మెకానిక్‌ను పిలిచి చూపించాను. బ్రేకులు మంచివే అన్నాడు, టైర్లు మంచివే అన్నాడు. రోడ్డు మీద నల్లటి చార ఎంత పొడుగుందో టేపు పెట్టి కొలిపించాను కూడా. మనిషి చేయగలిగిందంతా చేశానని ఆ చార సాక్ష్యం.

మిగతావాళ్లకు చిన్న చిన్న దెబ్బలు. ఎలక్ట్రీషియన్ సోదరుడికి పెదవి చిట్లింది. నాకు గీత కూడా పడలేదు. స్నానం చేసేటప్పుడు ఎక్కడైనా ఒక కమిలిన మచ్చ కనిపిస్తుందేమోనని వెతుక్కుంటున్నాను. తుఫాను ఎవరి మూలంగా వచ్చిందో తేల్చడానికి ఓడలో చీట్లు వేసిన సంగతి గ్రంథంలో ఉంది కదా. ఇక్కడ చీటీ నా పేరున రావలసింది, పదకొండేళ్ల పిల్ల పేరున వచ్చింది.

పొట్టి బెల్టు పెట్టుకునే ఉంది. వ్యాను కదిలే ముందు నేనే వెనక్కి తిరిగి చూశాను. ఈ సంగతి మాత్రం మనసులో పెట్టుకో.

షాపులో ఒక టాక్సీ సీట్లు సగం విప్పి పడున్నాయి. కవరు కుడదామని కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కడం లేదు. నన్ను రమ్మంటే రేపే వస్తాను. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారని అంబులెన్సు ఎక్కేటప్పుడు నువ్వన్నావు కాబట్టి ఆగాను.

మీ ఆయన పోయిన ఈ ఐదేళ్లూ నీ బిడ్డకు తండ్రి చోట నిలబడ్డాననుకున్న నీ అన్నయ్య.


మార్చి 9, సోమవారం

అన్నయ్యకు,

ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. నీతో ఫోనులో మాట్లాడితే నేను రెండో మాట అనేలోపు నువ్వు ప్రార్థనలోకి వెళ్లిపోతావు. బస్టాండు కౌంటరులో టికెట్లు కొడుతూ కూడా ఎన్నోసార్లు నీ కోసం కళ్లు మూసుకుని నిలబడ్డాను, క్యూలో వాళ్లంతా నాకు కళ్లు తిరుగుతున్నాయనుకునేవాళ్లు. ఉత్తరమైతే నా మాట నేను పూర్తి చేసుకోవచ్చు.

కాగితం వెనక రోగుల భోజనాల లిస్టు ఉంది, పట్టించుకోకు. ఇక్కడ దొరికింది ఇదే.

పేగు మానుతోంది. కానీ మొదటి రోజు నుంచీ అది నడుము నొప్పి, నడుము నొప్పి అంటూనే ఉంది. పొట్ట మీది కుట్ల వల్లే అనుకున్నాం అందరం, అక్కడి డాక్టర్లు కూడా. నిన్న స్కాను తీస్తే నడుము దగ్గర వెన్నుపూస ఒకటి విరిగి ఉంది. రొట్టెను కత్తితో అడ్డంగా కోసినట్టు రెండుగా చీలిందని వెన్నెముక డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. నరానికి ఏం కాలేదు. కాలివేళ్లు కదుపుతోంది. నేను రోజుకు ఇరవైసార్లు కదపమంటుంటే, "నేనేమన్నా వీణ వాయిస్తున్నానా అమ్మా" అంటోంది. నడుస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కాకపోతే ఇప్పుడు కదలకుండా పడుకోవాలి, తర్వాత నెలల తరబడి ఒంటికి గట్టి కట్టు.

ఇది సీటు బెల్టు వల్ల విరిగిందట. ఇలా విరిగితే వాళ్ల చదువులో దానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉందట. పొట్ట మీద అడ్డంగా నల్లటి చార నువ్వూ చూశావుగా, అదే ఆనవాలట. బెల్టు గురించి డాక్టరు ఇంకా చాలా చెప్పాడు, అదంతా నీకు

స్ట్రెచరు వచ్చేసింది. పిలుస్తున్నారు. మిగతాది తర్వాత రాస్తాను. వాచ్‌మన్ పోస్టాఫీసుకు పోతున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నాను.

చెల్లి


మార్చి 14, శనివారం

ప్రభువునందు ప్రియమైన చెల్లెలికి,

నీ ఉత్తరం చదివి మోకాళ్ల మీద పడ్డాను. తర్వాత లేచి కత్తి తీసుకున్నాను.

తోలు కోసే నా వంకర కత్తి నీకు తెలుసు. దానితో వ్యానులోని బెల్టులన్నీ మొదలంటా కోసేశాను. తొమ్మిది సీట్లు. కోసి కుప్పగా పోస్తే చచ్చిన పాముల్లా పడున్నాయి. ఆ కుప్పనే గురువారం కూటానికి మోసుకెళ్లి బల్ల మీద గుమ్మరించి వాక్యం చెప్పాను. చెల్లీ, ఇరవై ఏళ్లలో నేను అలా మాట్లాడలేదు. కాపాడతానని వచ్చి బిడ్డ నడుము విరిచినదాన్ని ఏమంటారు అని అడిగాను. మనిషి నేసిన రక్షణ ఇదీ అన్నాను. గుర్రాలనూ రథాలనూ నమ్ముకున్నవాళ్లు ఏమయ్యారో గ్రంథం తెరిచి చదివించాను. చేతిలో ఉన్న పట్టీని జాడించి, ఇదిగో శత్రువు, ఎప్పటినుంచో మన పక్కనే కూర్చుని మన ఒడిలోనే పడుకుంది అన్నాను. మందిరం మందిరమంతా లేచి నిలబడింది.

మర్నాడు పొద్దున్నే నా షాపు ముందు నాలుగు కార్లు వరుసగా నిలబడ్డాయి. ఎలక్ట్రీషియన్ సోదరుడిది, కాన్పులు చేసే నర్సక్కది, ఇంకో ఇద్దరివి. అందరూ బెల్టులు కోయించుకున్నారు. ఆ నర్సక్క మాత్రం కాసేపు తటపటాయించింది. "అన్నా, డాక్టరు నిజంగానే అలా అన్నాడా" అని అడిగింది. చెల్లెలు స్వదస్తూరితో రాసిందని నీ ఉత్తరం చూపించాను.

వచ్చే వారం, అంటే ఇరవై రెండో తేదీ ఆదివారం, ఆరాధన అయ్యాక వ్యాను నిండా మనుషులతో పెద్ద కూటానికి పోతున్నాం. ఈ సందేశం అక్కడా చెప్పమని పిలుపు వచ్చింది.

ఒక మాట నీకే చెబుతున్నాను. నీ ఉత్తరం అందిన మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. అన్ని రోజుల తర్వాత అదే మొదటిసారి. పొట్టి మంచంలో ఉంటే నాకు ఆకలి ఎలా వేసిందో నాకే తెలియలేదు. డాక్టరుగారితో చెప్పు, ఆయన బయటపెట్టిన సత్యాన్ని ఇక్కడ ఒకడు నలుగురికీ చాటుతున్నాడని.

వాక్యం కోసం నిలబడిన నీ అన్నయ్య.


మార్చి 17, మంగళవారం

అన్నయ్యా, ఏం చేశావు?

నేను సగంలో ఆపిన ఉత్తరం మీద నువ్వు నిండు ప్రసంగం చేశావు. మిగతాది తర్వాత రాస్తానని రాశానుగా. వెంటనే రాయకపోవడం నా తప్పే. కానీ నువ్వు నాలుగు రోజులు ఆగలేకపోయావా. ఆ వ్యానులో ఉన్న మిగతా ఐదుగురికీ ఆ బెల్టులేగా. వాళ్లెవరి నడుమూ ఎందుకు విరగలేదని నీకు ఒక్కసారైనా అనిపించలేదా.

డాక్టరు చెప్పింది ఇప్పుడు పూర్తిగా రాస్తాను, నిదానంగా చదువు. బెల్టు లేకపోతే మీ అమ్మాయి ముందు అద్దంలోంచి రోడ్డు మీద పడేది, బెల్టే బతికించింది అన్నాడు. విరిచింది బెల్టు కాదు, బెల్టు ఉన్న చోటు. ఒళ్లో ఉండే పట్టీ కిందికి, రెండు తుంటి ఎముకల మీదికి, తొడలను ఆనుకుని ఉండాలట. ఎముక దెబ్బ తట్టుకుంటుంది. రెండో పట్టీ భుజం మీంచి రొమ్ముకు అడ్డంగా రావాలి. దీనికి ఒక్క పట్టీయే ఉంది, అదీ పొట్ట మీద మెత్తటి చోట. బండి ఆగినా ఒళ్లు ఆగదు. పుస్తకం మడత పడ్డట్టు మనిషి ఆ పట్టీ మీద ముందుకు మడత పడిపోతుంది. లోపల పేగు నలుగుతుంది, వెనక వెన్ను చీలుతుంది. పిల్లల్లో, అందులోనూ పొట్టిగా ఉన్నవాళ్లలో, ఇది చూస్తుంటామన్నాడు. పెద్దవాళ్ల కొలతకు పెట్టిన పట్టీ వాళ్లకు మెడ దగ్గర గీరుకుంటుందట, వెనక్కి తోసేసుకుంటారట. దాని ఒంటి మీద చార బొడ్డు దగ్గర ఉంది, భుజం మీద ఏమీ లేదు. ఆ ఒక్కటి చూసి మొత్తం చెప్పేశాడు.

నేను దాన్ని అడిగాను. ఎవరు పెట్టుకోమన్నారే అలా అని.

"నేనే పెట్టుకున్నానమ్మా. మెడకు గీరుకుంటుంటే."

నిద్ర లేక, నడుం వాల్చే చోటు లేక ఉన్నదాన్ని, నాకు ఒళ్లు మండిపోయింది. నీ నడుము నువ్వే విరగ్గొట్టుకున్నావు అన్నాను. తలకు మించిన తెలివి ఎందుకే నీకు అన్నాను. సారీ అమ్మా అంది. అంతే. అప్పటినుంచి నా చేత్తో పెడితే తినడం లేదు, నర్సు పెడితే రెండు చెంచాలు తింటోంది. మొహం గోడవైపు. కాసేపటికి, "మామయ్యకు మాత్రం ఏమీ రాయకు" అంది. నువ్వు బాధపడతావని దాని భయం.

నువ్వు వెనక్కి తిరిగి చూశానన్నావు. ఆరుగురిలో, తొందరలో, సరిగ్గా కనిపించి ఉండదు. నిన్నేమీ అనను. నాకు రెండు పనులు చేసిపెట్టు. ఆదివారం బెల్టుల్లేని ఆ వ్యాను తియ్యకు. ఇంకొకటి, దానికి ఒక ఉత్తరం రాయి. నా మాట గోడకు చెప్పినట్టుంది, నీ మాటంటే దానికి గురి. పెద్దవాళ్లు చెప్పినట్టు వింటే ఇదంతా జరిగేది కాదని కాస్త మెత్తగా చెప్పు.

చెల్లి


మార్చి 21, శనివారం

చెల్లెలికి,

ఉత్తరం అందింది. డాక్టరు చెప్పింది తెలుసుకున్నాను. రేపు వ్యాను తియ్యడం లేదు, ఇంజనులో ఏదో చప్పుడు వస్తోందని అందరికీ చెప్పాను. పొట్టికి విడిగా కాగితం పెట్టాను. తెలియక చేసిన తప్పులు దేవుడు పిల్లల మీద వెయ్యడని, ఇకమీదట అమ్మ మాట వినమని రాశాను. చదివి వినిపించు. షాపులో తొందర పని ఉంది.

అన్నయ్య


మార్చి 22, ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ,

నిన్న వేసిన ఉత్తరం చించెయ్యి. పొట్టికి పెట్టిన కాగితం వినిపించకు. వినిపించి ఉంటే, అది మామయ్య రాసిన అబద్ధమని చెప్పు.

ఆ పట్టీని అది తోసుకోలేదు. నేను తోయించాను.

వ్యాను కదిలే ముందు, మామయ్యా ఇది మెడకు గీరుకుంటోంది అంది. నేను స్టీరింగు దగ్గర్నుంచి వెనక్కి తిరిగాను. అందరూ ఎక్కి కూర్చున్నారు, అందరూ నా మాట కోసమే చూస్తున్నట్టు అనిపించింది. నేనెలాంటివాడినో నీకు తెలుసు, వినేవాళ్లు ఇద్దరుంటే చాలు. "నడుము కట్టుకోమంది గానీ వాక్యం మెడ కట్టుకోమనలేదే పొట్టీ. మెడకు కట్టేది కాడి. దాన్ని వెనక్కి పడేసి నడుముకు బిగించు" అన్నాను. వ్యాను వ్యానంతా నవ్వింది. అదీ నవ్వింది. పట్టీ పొట్ట మీదికి లాక్కుని, "ఇక్కడా మామయ్యా" అని అడిగింది. "ఇంకొంచెం పైకి, నడుమంటే అదే" అన్నాను. నేను చెప్పిన చోటే బిగించుకుంది. మిగతావాళ్లు నవ్వి ఊరుకున్నారు, ఎవరి పట్టీ వాళ్ల భుజం మీదే ఉంది. నా మాట వాక్యంలా విన్నది అదొక్కతే.

సీట్లు విప్పి బిగించేది నా వృత్తి. ఆ పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో నా వేళ్లకు తెలుసు. ఒక్కసారి చూసి ఉంటే నా వేళ్లే చెప్పేవి. నేను చూసింది పట్టీని కాదు, నవ్వుతున్న మొహాలను.

ఇక్కడి ఆసుపత్రిలో దాని చొక్కా కత్తిరించి చార చూసిన నర్సు, ఎవరు పెట్టారమ్మా బెల్టు ఇలా అని అడిగింది. పొట్టి నా మొహం చూసింది. నేను గోడ మీద గడియారం చూశాను. అంతే చెల్లీ. అమ్మతో అనకు అని నేను దానితో అనలేదు. అనవలసిన పని లేకపోయింది.

అందుకే బెల్టు వల్ల అని నువ్వు రాసిన మాట మీద అలా పడ్డాను. తోటలో మొదటి మనిషి చెట్టు చాటున దాక్కున్నాడని ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో, నేను రెండు వేళ్ల వెడల్పు పట్టీ చాటున దాక్కున్నాను. ఆ రోజు కడుపునిండా తిన్నది అందుకే. నాకు ఆకలి ఎందుకు వేసిందో తెలియలేదని రాశాను చూడు, అదీ అబద్ధమే.

ఈ ఉదయం ఆరాధనలో లేచి చెప్పాను. ఎలా చెప్పానో కూడా విను. నా గొంతు నాకే శత్రువైంది. నోరు తెరవగానే ప్రసంగంలాగే వచ్చింది, ఎత్తుకోవడం, ఆపడం, చెయ్యి చాపడం. ఆ బిడ్డ నడుము విరిచినవాడు మీ ముందే నిలబడ్డాడు అన్నాను. ఆమెన్ అన్నారు. ఆ పాపిని నేనే అన్నాను. మనమందరం పాపులమే అని ముందు వరుసలోంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. మళ్లీ ఆమెన్. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ చేతులెత్తింది. ఇరవై ఏళ్లుగా నేను వాళ్లకు నేర్పింది అదే, నేను గొంతు పెంచితే ఆమెన్ అనాలని. చివరికి గ్రంథం మూసి, వేదిక దిగి, ముందు వరుస బెంచీ మీద వాళ్ల పక్కనే కూర్చున్నాను. నీతో ఇప్పుడు చెప్పినట్టు, నేను అన్న మాటలు అన్నట్టుగా, అది పట్టీ ఎక్కడ పెట్టుకుందో నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తూ చెప్పాను.

నర్సక్క అడిగింది, "అన్నా, ఇది సందేశమా, నిజమా?"

"నిజం" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. పెదవి మీద ఇంకా మచ్చ ఉన్న ఎలక్ట్రీషియన్ సోదరుడు, నేనూ నవ్వానన్నా ఆ రోజు అని మాత్రం అన్నాడు. బెల్టులు కోసిన చోట కొత్తవి బిగించేదాకా ఎవరూ ఆ కార్లు తియ్యొద్దని చెప్పాను. కోసినవి మళ్లీ కుట్టి ఇస్తావా అని ఒకరు అడిగారు. నా దారం సీటు కవరుకే గానీ మనిషి బరువు ఆపడానికి పనికిరాదు, కొత్తవి కంపెనీవాళ్లే బిగించాలి, ఆ ఖర్చు నాది అన్నాను. నాలుగు కార్లూ మందిరం ముందే ఉన్నాయి. అందరూ నడిచి ఇళ్లకు పోయారు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

నన్ను ఏమనుకున్నా సరే. దానితో నువ్వన్న మాట మాత్రం వెనక్కి తీసుకుని నా మీద వెయ్యి. పొట్టికి చెప్పు, అది పెద్దవాళ్ల మాట వినకపోవడం వల్ల కాదు, వినడం వల్లే జరిగిందని.

అన్నయ్య


మార్చి 30, సోమవారం

అన్నయ్యకు,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. నేను ముందు విప్పింది శనివారానిది. దానిలోని కాగితం పొట్టికి చదివి వినిపించాను. తెలియక చేసిన తప్పు, అమ్మ మాట విను, అన్నీ. అది కళ్లు మూసుకుని విని, సరేనమ్మా అంది. ఆ తర్వాత రెండోది విప్పాను.

చదువుతూ సగంలో ఆగిపోయాను. అది నా మొహమే చూస్తోంది.

"మామయ్య చెప్పేశాడా" అంది.

చెప్పేశాడన్నాను. నువ్వు ఎందుకు చెప్పలేదే అంటే, మామయ్య గడియారం వైపు చూశాడు కదా, అందుకని అంది. అప్పుడు ఏడ్చింది. డాక్టరు ఏడవద్దన్నాడు, కట్టు కదులుతుందని. నేను దాని తల పట్టుకుని, నేనన్న మాటలకు సారీ చెప్పాను. ఆ పూట నా చేత్తో తింది.

నిన్ను క్షమించానని రాయడం లేదు. నువ్వైతే వెంటనే ఒక వాక్యం తీస్తావు, ఏడుసార్లు కాదు, డెబ్బై ఏడులసార్లు క్షమించమన్న లెక్క. తియ్యకు. నువ్వు వ్యానులో అన్న మాటకు నాకు అంత కోపం లేదు, నీ నోరు అంతే. నీ శనివారం ఉత్తరం మీద ఉంది నా కోపం. అది ఎప్పుడు పోతుందో నాకు తెలియదు.

దానికి గట్టి కట్టు వేశారు. ప్లాస్టిక్‌తో పోతపోసిన చొక్కాలాంటిది, ముందొక సగం, వెనకొక సగం. కూర్చోబెడుతున్నారు. నిన్న గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఆ కట్టు సరిగ్గా తుంటి ఎముకల మీద గీరుకుని తోలు లేస్తోంది. లోపల వేసుకోవడానికి పల్చటి నూలు బనియను కావాలి, చేతుల్లేనిది, ఒక్క కుట్టు కూడా ఒంటివైపు రాకూడదు. ఇక్కడ దొరికినవన్నీ కుట్లున్నవే. నువ్వు కుట్టగలవు. కుట్టి పోస్టులో పంపు. నువ్వు రానక్కర్లేదు. కొలతలు ఇవి: ఛాతీ ఇరవై ఆరు, నడుము ఇరవై మూడు, తుంటి ఇరవై ఏడు, పొడుగు పదిహేడు.

చెల్లి

మామయ్యా, అమ్మ మందుల కోసం కిందికి వెళ్లింది. పడుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. ఈ కొలతలు అమ్మ దుప్పటి మీంచి తీసింది. సరిపోవు. పైగా డాక్టరు కొలిస్తే నేను ఒక అంగుళం పెరిగాను, నీ పొట్టి అన్న పేరు ఇంకెంత కాలమో చూసుకో. ఉత్తరం మడిచి కవరులో పెట్టేది నేనే, అమ్మకు తెలియదు. టేపు తీసుకుని నువ్వే రా. నడుము ఎక్కడో, తుంటి ఎక్కడో, ఈసారి నేను చూపిస్తాను.